జాబితాలో మొదటి పేరు

ట్రైలరు మీంచి కారు దిగుతుంటే షోరూంలో పనంతా ఆగిపోయింది. అకౌంట్స్ గదిలో ఎప్పుడూ తలెత్తని మనుషులు కూడా వచ్చి అద్దాలకి ముక్కులు ఆనించి నిలబడ్డారు. ఇటుకరంగు కారు. రెండే సీట్లు. పొట్టిగా, బిగువుగా, నేలని రాసుకుంటూ పోయేలా ఉంది. మూడు పెడళ్ళు, చేత్తో వేసుకునే ఆరు గేర్లు. ఇకమీదట ఈ మోడల్లో చేతి గేర్లుండవు, ఇదే ఆఖరి బ్యాచ్ అని కంపెనీ ప్రకటించి నాలుగు నెలలైంది. ఆ రోజు నుంచి దీని ధర పాలపొంగులా లేచి కూర్చుంది. ఊరు మొత్తానికి వచ్చింది ఇదొక్కటే.

ట్రైలరు డ్రైవరు కాగితాల మీద సంతకం పెట్టించుకుని రెండు తాళాలు తాళాలమ్మ చేతిలో పెట్టాడు.

ఆమెకి ఆ పేరు మెకానిక్కులు పెట్టింది. షోరూంలో ఉన్న కార్లన్నిటి తాళాలూ ఆమె కుర్చీ వెనకాల బోర్డుకి వేలాడుతుంటాయి. ఆమెతో చెప్పకుండా ఒక్క బండి కూడా అడుగు కదలదు. అమ్మకాల పెద్ద ఆమే. షోరూం మాత్రం ఆమె బాబాయిది. తండ్రి పోయి కాలేజీ ఫీజు కట్టే దిక్కు లేనప్పుడు ఆ ఫీజు కట్టిందీ, చదువవగానే కుర్చీ ఇచ్చిందీ ఆయనే. ఆ కుర్చీలో ఆమెకి పన్నెండేళ్ళు గడిచాయి.

ముందురోజే ఆమె క్రేనాయనకి ఫోన్ చేసింది. "సార్, మీ కారు వస్తోంది. రేపు పదకొండుకి రండి" అంటే ఆయన "మళ్ళీ ఒకసారి చెప్పండమ్మా" అన్నాడు.

ఆయన రేవులో క్రేన్ ఆపరేటరు. నలభై మీటర్ల ఎత్తున అద్దాల గదిలో కూర్చుని ఓడల మీంచి ఇనప పెట్టెలు లారీల మీదకి దించడం ఆయన పని. రెండేళ్ళ కిందట పనిబూట్లతోనే షోరూంకి వస్తే వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు. తాళాలమ్మే వెళ్ళి పిలుచుకొచ్చింది. ఆయన అడిగింది ఒకటే ప్రశ్న: "గేరు చేత్తో వేసేదేనా?" పదకొండేళ్ళుగా కూడబెట్టుకుంటున్నానని చెప్పి, అడ్వాన్సు కట్టి, జాబితాలో మొదటి పేరుగా రాయించుకున్నాడు. కారు ఎప్పుడొచ్చినా కంపెనీ జాబితా ధరకే ఇస్తామని ఆమె ఉత్తరం రాసిచ్చింది. అప్పట్లో బేరాల్లేక షోరూం ఈగలు తోలుకుంటోంది. ఆ ఉత్తరం రాయమన్నది బాబాయే.

తాళాలు బోర్డుకి తగిలించిందో లేదో పైనుంచి కబురొచ్చింది.

"తలుపు వేసి కూర్చో" అన్నాడు బాబాయి. బల్ల మీద చల్లారిపోయిన టీ అలాగే ఉంది. "ఎవర్ని రమ్మన్నావ్?"

"క్రేనాయన్ని."

"ఎంతకి ఇస్తానన్నావ్?"

"ఎంతకేంటి బాబాయ్? జాబితా ధరకి. నలభై రెండు లక్షలు."

"పక్క ఊళ్ళో నిన్న ఇలాంటిదే అరవైకి పోయింది. అరవై! వాళ్ళేమైనా వెర్రివాళ్ళా?"

"ఆయనకి మనం ఉత్తరం రాసిచ్చాం."

"మనం కాదు. నువ్వు."

మెట్లు దిగుతుంటే ఒక మెట్టు లేకుండాపోయినట్టయింది ఆమెకి. "నువ్వు చెప్తేనే కదా రాశాను!"

"నేను చెప్పానని అందులో ఎక్కడుంది? సంతకం నీది. షోరూం ముద్ర కూడా లేదు. తెలీక రాశాను, ధర చెప్పే అధికారం నాకు లేదు అను. తప్పు నీమీద వేసుకుంటే నీకు పోయేదేం లేదు. ఉద్యోగం నా దగ్గరేగా." ఆమె ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "విను. అరవై ఇస్తానంటే ఆయనకే ఇద్దాం, నాకేం పగ లేదు. ఇవ్వలేకపోతే ఆయన అడ్వాన్సు వడ్డీతో సహా ఇచ్చేద్దాం. కారు గ్లౌజులాయనకి."

గ్లౌజులాయన్ని ఆమె ఎరుగును. ఆయనకి పదిహేడు కార్లున్నాయి. రోజంతా ఏసీ నడిచే పెద్ద షెడ్డులో వరసగా నిలబడి ఉంటాయి. ఆయన వాటిని నడపడు. తెల్లటి నూలు గ్లౌజులు వేసుకుని ముట్టుకుంటాడు, ధర పెరిగాక అమ్ముతాడు.

"ఆయన దగ్గర అడ్వాన్సు తీసుకున్నావా?"

బాబాయి కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. "పదిహేను. రెండు నెలలైంది."

"ఏం చేశావ్ ఆ డబ్బు?"

"పోయిన నెలా, అంతకుముందు నెలా జీతాలు ఎక్కణ్ణుంచి వచ్చాయనుకున్నావ్?" కోప్పడి ఉంటే ఆమె ఎదురు చెప్పేదేమో. ఆయన గొంతు అలిసిపోయి ఉంది. "మామూలు కార్ల మీద మనకి మిగిలేది నీకు తెలీదా? అద్దెకే చాలదు. ఇలాంటి కారు ఎప్పుడో ఒకటి వస్తుంది, దానిమీదే నెట్టుకురావాలి. ఇరవై ముగ్గురున్నారమ్మా ఇక్కడ. రెండింటిలోపు పేరు ఎక్కించకపోతే కారు ఇంకో షోరూంకి పోతుంది. ఆలోచించుకో."

అది కంపెనీ పెట్టిన నియమం. కారు దిగిన రోజే మధ్యాహ్నం రెండింటిలోపు కొనేవాళ్ళ పేరు వాళ్ళ సిస్టంలో ఎక్కించాలి. ఒకసారి ఎక్కిస్తే పన్నెండు నెలల దాకా మార్చడం కుదరదు. కొన్న మనిషి కూడా ఏడాదిపాటు అమ్మడానికి లేదు. షోరూంవాళ్ళు పైన ఎంత పిండుకుంటారన్నది మాత్రం కంపెనీకి పట్టదు.

క్రేనాయన పదకొండుకి పది నిమిషాల ముందే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో అడ్వాన్సు పోను మిగతా ధరకి బ్యాంకు కాగితం. వెంట వాళ్ళక్క కూడా వచ్చింది. కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది.

"వెనక సీటేదిరా?"

"ఉండదక్కా."

"మరి నేనెక్కడ కూర్చోవాలి?"

"నా పక్కన."

"సామాన్లో?"

"సామాన్లు పట్టవక్కా."

"సంచీ పట్టని బండికి నలభై రెండు లక్షలా! బుద్ధుండే కొంటున్నావా?" అని ఆవిడ తాళాలమ్మ వైపు తిరిగి, "చిన్నప్పుడూ ఇంతేనమ్మా వీడు. అన్నం మానేసి ఆ డబ్బుతో బొమ్మకార్లు కొనుక్కునేవాడు" అంది.

తాళాలమ్మ నవ్వలేకపోయింది. తలుపు తీసి ఆయన్ని కూర్చోమంది. ఆయన జేబురుమాలుతో చేతులు తుడుచుకుని కూర్చున్నాడు. ఇంజను ఆపే ఉంది. క్లచ్ నొక్కి, కళ్ళు మూసుకుని, ఒకటి నుంచి ఆరుదాకా గేర్లు మార్చాడు. ప్రతి గేరూ టక్కున కూర్చుంటుంటే ఆయన ముఖం మెల్లగా విప్పారింది. ఆమె ఆ ముఖం చూడలేక గోడ గడియారం వైపు తిరిగింది.

పన్నెండున్నరకి నలుగురూ బాబాయి గదిలో కూర్చున్నారు. మధ్యనున్న అద్దం గోడ అవతల, పక్క గదిలో గ్లౌజులాయన వచ్చి కూర్చుని ఉన్నాడు.

బాబాయి చాలా మర్యాదగా మొదలుపెట్టాడు. మార్కెట్ మారిపోయిందన్నాడు, ఆఖరి బ్యాచ్ అన్నాడు, మంచినీళ్ళు తాగుతారా అన్నాడు. చివరికి అరవై అన్నాడు.

క్రేనాయన బాబాయి వైపు చూడలేదు. తాళాలమ్మ వైపు చూశాడు. "ఉత్తరంలో అలా లేదు కదమ్మా."

"ఆ ఉత్తరం సంగతి మా అమ్మాయి చెప్తుంది" అన్నాడు బాబాయి.

కింద వర్క్‌షాపులో ఎవరో చక్రానికి నట్లు బిగిస్తున్నారు. ఇరవై ముగ్గురు. వాళ్ళలో ఇద్దరికి ఆమే పెళ్ళిళ్ళు కుదిర్చింది. ఎదురుగా తన కాలేజీ ఫీజు కట్టిన మనిషి. ఒక్క మాట అంటే చాలు, "తెలీక రాశాను" అంటే. అంత చిన్న మాట ఎంతకీ నోటికి రావడం లేదు.

ఈలోగా అక్కగారు సంచిలోంచి కవరు తీసి, కళ్ళజోడు పెట్టుకుని, అడక్కుండానే ఉత్తరం చదవడం మొదలుపెట్టింది. తేదీతో సహా, కామాల దగ్గర ఆగుతూ, కోర్టులో చదివినట్టే చదివింది. "జాబితా ధరకే" అన్నచోట ఆగి, "దీని కింద గీత కూడా ఉందండీ" అంది.

"ఆ గీత గియ్యమంది బాబాయే" అంది తాళాలమ్మ.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకి కాస్త ఆలస్యంగా తెలిసింది. ఇక ఆగలేదు. "ఉత్తరం రాసింది నేను. రాయమంది బాబాయి. నా కుర్చీ పక్కనే నిలబడి చెప్పాడు. పూర్తి అధికారంతోనే రాశానండీ. తప్పేం లేదు అందులో."

బాబాయి ముఖం కందగడ్డలా అయింది. బల్ల మీదున్న పేపర్ వెయిట్‌ని ఆ పక్కనుంచి ఈ పక్కకి జరిపాడు. తర్వాత క్రేనాయనతో, "సరే, రాసింది. కారు నాది, ధర చెప్పేది నేను. అరవై. లేదంటే పక్క గదిలో మనిషి ఉన్నాడు" అన్నాడు.

"నా దగ్గర నలభై రెండే ఉన్నాయండీ. నేనిక్కడే కూర్చుంటాను."

"కూర్చుంటే ఏమవుతుంది?"

"ఏమో. రోజుకి పది గంటలు కూర్చునే ఉద్యోగం నాది. నాకలవాటే."

అన్నట్టే కూర్చున్నాడు. ఒంటిగంట దాటింది. అక్కగారు తెచ్చుకున్న బిస్కెట్లు తీసి తలా ఒకటి ఇచ్చి, బాబాయి ముందు కూడా ఒకటి పెట్టింది. అది బల్ల మీద అలాగే ఉండిపోయింది. పక్క గదిలో గ్లౌజులాయన రెండుసార్లు లేచి, వాచీ చూసుకుని, మళ్ళీ కూర్చున్నాడు. ఒంటిగంట నలభైకి బాబాయి కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"కిందికి పద. పేరు ఎక్కించు."

సిస్టంలోకి వెళ్ళే పాస్‌వర్డు ఆయన ఎప్పుడూ నేర్చుకోలేదు. ఆ పనులన్నీ ఆమెవే. కుర్చీలో కూర్చుని పేజీ తెరిచింది. కారు నంబరు, రంగు, ఇంజను నంబరు అన్నీ నిండి ఉన్నాయి. కొనేవారి పేరు దగ్గర డబ్బా ఖాళీ. బాబాయి ఆమె వెనకాలే నిలబడ్డాడు. ఆయన ఊపిరి ఆమె చెవికి తగులుతోంది.

ఆమె టైపు చెయ్యడం మొదలుపెట్టింది. మూడక్షరాలు పడేసరికి బాబాయికి అర్థమైంది. ముందుకు వంగి మౌసు మీద చెయ్యి వేశాడు.

"చెరిపెయ్."

"చెరపను."

"జీతాలివ్వాలమ్మా."

"తెలుసు. నాది ఆపెయ్. ఎన్నాళ్ళయినా ఆపెయ్."

"నీ ఒక్కదానితో తీరేదా? పదిహేను లక్షలు వాడికి ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను?"

"నాకు తెలీదు బాబాయ్. నిజంగా తెలీదు. కానీ పైన కూర్చున్న మనిషి ముఖం చూసి ఈ డబ్బాలో ఇంకొకరి పేరు కొట్టలేను. అంతే. ఆపాలనుకుంటే నువ్వే ఆపు."

మెకానిక్కులు పని ఆపి అద్దంలోంచి చూస్తున్నారు. ఒంటిగంట యాభై రెండు. పేరు పూర్తయింది. మౌసు ఆయన చేతి కిందే ఉంది, కానీ ఆమెకి మౌసుతో పని లేదు, ఒక్క మీట నొక్కితే చాలు. ఆమె చెయ్యి ఆ మీట మీద పెట్టింది. ఆయన అనుకుంటే ఆ చెయ్యి పట్టుకోవచ్చు, తీగ లాగెయ్యొచ్చు, తెర ఆపెయ్యొచ్చు. ఒక్క క్షణం ఆగి, ఆయనకి ఆ సమయమిచ్చి, ఆమె మీట నొక్కేసింది.

తెర మీద ఆకుపచ్చ గుర్తు వచ్చింది.

బాబాయి మౌసు మీంచి చెయ్యి తీసి ప్యాంటుకి తుడుచుకున్నాడు. "ఆయన తాళాలు ఆయనకిచ్చెయ్" అన్నాడు. "మిగతావన్నీ లెక్కచూసి నా బల్ల మీద పెట్టి వెళ్ళు. రేపట్నుంచి రావద్దు."

మెట్ల మీద గ్లౌజులాయన ఒక్కో వేలూ లాగి గ్లౌజులు విప్పుకుంటూ ఎదురొచ్చాడు. "నా పదిహేను వారంలో కావాలి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ పదిహేను కోసం బాబాయి ఇల్లు కట్టుకుందామని ఉంచుకున్న స్థలం అమ్మేశాడు. సంగతి పిన్ని ఫోన్లో గుసగుసగా చెప్పింది. ఎవర్నీ పనిలోంచి తియ్యలేదట. పై అంతస్తు మాత్రం ఫర్నిచర్ వాళ్ళకి అద్దెకిచ్చారట. "మీ బాబాయి నీ పేరెత్తనివ్వట్లేదే. నువ్వే ఒకసారి వచ్చి కనపడరాదూ" అంది పిన్ని. ఆమె వెళ్ళలేదు. వెళ్తే ఏమనాలో ఆమెకి తెలియలేదు. స్థలం మాట విన్న రోజు అన్నం సహించలేదు.

దాచుకున్న డబ్బుతో రంగు మందం కొలిచే మీటరొకటి కొని, పాత కార్లు కొనేవాళ్ళ తరఫున తనిఖీ చెయ్యడం మొదలుపెట్టింది. మొదటి మూడు నెలలు ఫోను మోగలేదు. తర్వాత్తర్వాత, ఎక్కడ సొట్ట పూడ్చి రంగేశారో ఆమె ఇట్టే పట్టేస్తుందని నలుగురికీ తెలిసింది. ఇల్లు గడవసాగింది.

కొత్తలో క్రేనాయన వారానికోసారి ఫోన్ చేసేవాడు. సముద్రం పక్క రోడ్డు మీద వెళ్ళాననీ, మలుపులో మూడో గేరు ఎలా పడిందో చెప్పలేననీ, అక్క కళ్ళు మూసుకుని కూర్చుందనీ కబుర్లు చెప్పేవాడు. రానురాను ఫోన్లు తగ్గాయి. ఆర్నెల్లకి ఆ కారు ధర డెబ్భై అయింది. ఏడాది తిరిగేసరికి ఎనభై ఐదు.

ఏడాది దాటిన పదకొండో రోజున ఆయన బస్సు దిగి ఆమె ఇంటికి వచ్చాడు. మనిషి సగానికి సగం తగ్గాడు. కుర్చీ అంచున కూర్చుని చెప్పాడు: "అమ్మేద్దామనుకుంటున్నానమ్మా."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "ఎవరికి?"

"గ్లౌజులాయనకి. ఎనభై ఐదు ఇస్తానన్నాడు."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, నీళ్ళు పట్టకుండానే కట్టేసి తిరిగొచ్చింది. "మీకోసం నేను ఉద్యోగం పోగొట్టుకున్నానండీ. మా బాబాయి స్థలం అమ్ముకున్నాడు. సొంతవాళ్ళం ఏడాదిగా మాటల్లేకుండా ఉన్నాం. ఇదంతా మీరు రెట్టింపుకి అమ్ముకోవడానికా?"

"అనండమ్మా. అంటారనే ముందు మీ దగ్గరికొచ్చాను." ఆయన తన చేతులు చూసుకుంటూ మాట్లాడాడు. "ధర పెరుగుతుందని వింటే మొదట్లో సరదాగానే ఉండేది. తర్వాత భయం పట్టుకుంది. ఇన్సూరెన్సు మూడింతలు చేశారు. ఇంటి ముందు పెట్టలేక రేవు అవతల రేకుల షెడ్డు అద్దెకి తీసుకున్నాను. డ్యూటీకి ముందోసారి, తర్వాతోసారి వెళ్ళి తాళం లాగి చూసుకోవడం. బయటికి తీస్తే రాయి తగులుతుందేమో, ఎవడైనా గీస్తాడేమో అని. తియ్యడమే మానేశాను. క్రేన్ మీంచి ఆ షెడ్డు కప్పు కనిపిస్తుంది. పెట్టె గాల్లో ఉన్నప్పుడు నా కళ్ళు పెట్టె మీద ఉండాలి కదమ్మా. కప్పు మీద ఉంటున్నాయి. పోయిన నెల ఒక పెట్టెని లారీ క్యాబిన్ పక్కనే దించాను. మూరెడు తేడా. డ్రైవరు లోపలే ఉన్నాడు. టీ తాగుతున్నాడు. నేను కిందికి దిగాక ఆయన నవ్వుతూ చెయ్యూపాడు. ఏం తప్పిందో ఆయనకి తెలీనే తెలీదు. నేను వెళ్ళి గోడ పక్కన కక్కుకున్నాను."

ఆమెకి కోపం పోలేదు. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"బండిలో లోపం లేదని గ్లౌజులాయన కంపెనీ షోరూం సర్టిఫికెట్ కావాలంటున్నాడు" అన్నాడాయన. "ఊళ్ళో ఉన్నది మీ బాబాయిగారిదొక్కటే. ఒక్కణ్ణీ వెళ్ళాలంటే సిగ్గుగా ఉందమ్మా. మీ ఫీజెంతో తీసుకుని నా తరఫున రండి."

వెళ్తానని ఆమె ఎందుకంది? ఆ రాత్రి ఎంత ఆలోచించినా తేలలేదు. అన్నాక వెనక్కి తగ్గలేదు.

ఏడాది తర్వాత ఆమెని చూసి మెకానిక్కులు పనిముట్లు కింద పెట్టి చుట్టూ చేరారు. బాబాయి రాగానే ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆయన జుట్టు బాగా నెరిసింది. ఆమె వైపు చూడకుండా కారు లిఫ్టు మీదకి ఎక్కించాడు. టార్చి పట్టుకుని కింద అణువణువూ తనే చూశాడు. దింపి, తలుపు తీసి, కిలోమీటర్లు చదివాడు.

"తొమ్మిది వందల పన్నెండు! ఏడాదంతా కలిపి? ఎందుకు కొన్నావయ్యా మరి?"

క్రేనాయన తల దించుకున్నాడు.

ఎత్తిపొడుపు ఇప్పుడొస్తుంది, చూశావా అంటాడు అనుకుంది ఆమె. బాబాయి కాగితం మీద రాసుకుంటూ, రాస్తూనే అడిగాడు. "నలభై మూడు లక్షల లాభం. నీకేమన్నా ఇస్తున్నాడా?"

"తనిఖీ ఫీజు. అందరి దగ్గరా తీసుకునేదే."

"ఊఁ." మళ్ళీ కాసేపు రాశాడు. "ఆ రోజు నీ చెయ్యి పట్టుకుని ఆపగలిగేవాణ్ణే."

"ఎందుకాపలేదు బాబాయ్?"

"తెలీదు. తెలిసుంటే ఏడాదిపాటు నీతో మాట్లాడకుండా ఎందుకుంటాను?"

ఆమె స్థలం గురించి ఏదో అనబోయింది. ఆయన "మీ పిన్నితో మాట్లాడు ఆ సంగతి. నాతో కాదు" అని తుంచేశాడు.

నాలుగింటికి గ్లౌజులాయన వచ్చాడు. వచ్చీ రాగానే గ్లౌజులు తొడుక్కుని బానెట్ మీద వేలితో రాసి చూశాడు. కాగితాలు సిద్ధమవుతుంటే క్రేనాయన ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

"ఒకసారి నడిపి తెస్తాను."

"కుదరదు" అన్నాడు గ్లౌజులాయన. "తొమ్మిది వందల పన్నెండు కిలోమీటర్లకి మాట్లాడుకున్నాం. నాలుగు అంకెలు పడితే బండి విలువే మారిపోతుంది. వెయ్యి దాటిందంటే రెండు లక్షలు తగ్గిస్తాను. గీత పడిందంటే అసలు తీసుకోను."

"డబ్బింకా నా చేతికి రాలేదండీ. తాళం నా దగ్గరే ఉంది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. బేరం చెడితే ఆ మనిషి మళ్ళీ ఆ షెడ్డుకీ, ఆ క్రేనుకీ వెళ్తాడు. అప్పుడు బాబాయి పెన్ను మూత పెట్టి, "నేనింకా సర్టిఫికెట్ మీద సంతకం పెట్టలేదు. తిరిగొచ్చాక ఎంతుంటే అంత వేసి పెడతాను. వెళ్ళి రావయ్యా" అన్నాడు. ఆమెతో, "నువ్వు కూడా వెళ్ళు. కిలోమీటర్లు చూస్తుండు" అన్నాడు.

ఊరు దాటేదాకా ఆయన గాజు సామాను మోస్తున్నట్టు నడిపాడు. లారీ కనిపిస్తే పక్కకి తప్పుకున్నాడు. చిన్న గుంత వస్తే నడక వేగానికి తగ్గాడు. ఆమె కళ్ళు అంకెల మీదే ఉన్నాయి. తొమ్మిది వందల ముప్పై. ముప్పై ఎనిమిది. సముద్రం పక్క రోడ్డు ఎక్కాక బండ్లు పలచబడ్డాయి. ఆయన భుజాలు కొంచెం కిందికి దిగాయి. గేరు మార్చాడు. ఇంజను గొంతు సవరించుకుంది. తొమ్మిది వందల యాభై.

"యాభై ఐదు దగ్గర తిప్పేస్తే సరిపోతుంది" అంది ఆమె. "వెయ్యి లోపలే షోరూంకి చేరిపోతాం."

ఆయన తలూపాడు. యాభై మూడు. యాభై నాలుగు. ముందు రోడ్డు వెడల్పుగా ఉంది, వెనక్కి తిరగడానికి చోటు కూడా ఉంది. ఆయన వేగం తగ్గించాడు. యాభై ఐదు పడింది. ఆయన అంకె చూశాడు, రోడ్డు చూశాడు, క్లచ్ తొక్కి గేరు మూడుకి లాగి, ఉన్న బలమంతా కాలికి తెచ్చుకుని తొక్కాడు.

ఆమె వీపు సీటుకి అతుక్కుపోయింది. నోట్లోంచి కేక వచ్చింది. అది భయమో మరేదో ఆమెకే తెలియదు. నాలుగు, ఐదు. మలుపులో ఐదు నుంచి మూడు. చక్రాల కింద కంకర టపటపా ఎగిరి అడుగున కొడుతుంటే ఆయన అసలు విననే లేదు. పెదాలు బిగించి, కళ్ళు మిలమిలా మెరుస్తుంటే, మలుపు తర్వాత మలుపు తిప్పుకుంటూ పోయాడు. ఆమె అంకెలు చూడడం మానేసింది.

తిరిగొచ్చేసరికి వెయ్యిన్నీ నలభై ఏడు. గ్లౌజులాయన కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మోకాళ్ళ మీద కూర్చుని చక్రాల పక్కన వెతికాడు. గీత ఎక్కడా దొరకలేదు. ఎనభై ఐదు కొట్టేసి ఎనభై మూడు రాశాడు. క్రేనాయన సంతకం పెట్టాడు. ఆయన చొక్కా తడిసి ముద్దయింది. "థాంక్సండీ" అని గ్లౌజులాయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. గ్లౌజుకి నల్లటి మరక అంటింది.

నెల తిరక్కుండా క్రేనాయన అదే కంపెనీ పాత మోడలొకటి చూడమని తాళాలమ్మని పిలిచాడు. పదిహేనేళ్ళ బండి. ఎడమ తలుపు సొట్టపోయింది, బానెట్ రంగు వెలిసింది. ఆమె మీటరు పెట్టి చూసి, మూడుచోట్ల మళ్ళీ రంగేశారని చెప్పింది. ఆయన ఇంకోచోట తనే వేలు పెట్టి చూపించి కొనేశాడు. ఇప్పుడది రేవు గేటు పక్కన ఎండలో, పక్షుల రెట్టల కింద నిలబడి ఉంటుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుని అక్కగారు అందులోనే తిరుగుతోంది.

మిగిలినదాంట్లోంచి కొంత పట్టుకుని ఆయన ఆమె దగ్గరికొస్తే ఆమె తీసుకోలేదు. "మా బాబాయి దగ్గరికి వెళ్ళండి" అంది. ఆయన వెళ్ళాడట. బాబాయి కూడా తీసుకోలేదట. టీ ఇచ్చి పంపించాడట.

మళ్ళీ కుర్చీలోకి రమ్మని పిన్ని చేత అడిగించాడు బాబాయి. ఆమె ఒప్పుకోలేదు. షోరూంకి మార్పిడికొచ్చే పాత కార్లు మాత్రం తనిఖీ చేసిపెడతాననీ, అందరికీ తీసుకునే ఫీజే తీసుకుంటాననీ కబురు పంపింది. మర్నాడు పొద్దున్నే ఆయనే స్వయంగా ఫోన్ చేశాడు. బాగున్నావా అని కూడా అడగలేదు. ఫీజు చాలా ఎక్కువన్నాడు. ఆమె తగ్గదంది. సొంత మనిషి దగ్గర కూడానా అన్నాడు. ఇద్దరూ అరగంట పోట్లాడుకున్నారు.